దళం చెదిరిన తర్వాత: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సాయుధ పోరాటకారుల వృద్ధాప్యం – సాంఘిక బంధాలు

వ్యాససంగ్రహం:
తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946–51) గురించి నేడు లభిస్తున్న మౌఖిక సాక్ష్యాలలో అధికభాగం ఆ పోరాటంలో పాల్గొన్నవారు నడివయసు దాటిన తర్వాత, కొందరు తొంభైలకు చేరువలో చెప్పినవి. చరిత్రకారులు వాటిని 1940ల సంఘటనలకు ఆధారాలుగానే వాడుకున్నారు. అవి వృద్ధాప్యానికి కూడా ఆధారాలని, యౌవనంలో కుటుంబం వెలుపల ఏర్పడిన బంధాలు ముదిమిలో ఏమయ్యాయో వాటి నుంచే తెలుసుకోవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాత నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు దీని పరిధి.

కీలకపదాలు: సాయుధ పోరాటం, వృద్ధాప్యం, మౌఖిక చరిత్ర, సమరయోధుల పింఛను, ఆత్మకథ, స్త్రీలు, నల్లగొండ.

1. ఉపోద్ఘాతం:

సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకుముందు సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ నల్లగొండ జిల్లాలో ఉండేవి. మిర్యాలగూడ నేటికీ నల్లగొండ జిల్లాలోనే ఉంది. పరిపాలనాపరంగా వేరైనా చరిత్రరీత్యా ఇది ఒకే ప్రాంతం. రావి నారాయణరెడ్డి అధ్యక్షతన 1941లో ఆంధ్రమహాసభ సమావేశం జరిగిన చిలుకూరు నేడు సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. సూర్యాపేటకు, కోదాడకు నడుమనున్న మునగాల పరగణా అప్పట్లో బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందినది. దాని చుట్టూ నిజాం రాజ్యమే ఉండేది. వెట్టికి, గడీ దౌర్జన్యానికి తాళలేనివారికి ఈ సరిహద్దు ఒక చాటుగా పనిచేసింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో మొదలైన సాయుధ దశ 1951 అక్టోబరులో విరమణ ప్రకటన దాకా సాగింది.

ఈ చరిత్రపై పుస్తకాలకు కొదవ లేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన గ్రంథం ప్రకారం ఈ పోరాటంలో సుమారు 4,000 మంది ప్రాణాలు కోల్పోయారు, 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లపాటు జైళ్లలో, నిర్బంధ శిబిరాలలో మగ్గారు. చనిపోయినవారికి స్తూపాలు లేచాయి. మరి బతికి బయటపడినవారి సంగతేమిటి? 1948లో ఇరవై ఏళ్లున్న మనిషికి 1988లో అరవై నిండుతాయి, 2008లో ఎనభై. పోరాటం అయిదేళ్లలో ముగిసింది. దాని తర్వాతి జీవితం యాభై, అరవై ఏళ్లు సాగింది. పరిశోధనలో ఆ అయిదేళ్లకు దక్కిన స్థలంలో పదోవంతైనా ఈ అరవై ఏళ్లకు దక్కలేదు.

2. వరసలు కలిసిన చోటు:

దళంలో చేరడమంటే ఇల్లు విడిచిపెట్టడం, పేరు మార్చుకోవడం. కరివిరాల కొత్తగూడెంలో 1931లో జన్మించిన భీమిరెడ్డి స్వరాజ్యం (తర్వాతి కాలంలో మల్లు స్వరాజ్యం) అజ్ఞాతంలో ‘రాజక్క’ అయింది. ఈ పేరులో గమనించవలసింది చివరనున్న ‘అక్క’. వయసులో తనకన్నా పెద్దవాళ్లు సైతం పదహారు, పదిహేడేళ్ల బాలికను అక్కా అని పిలిచారు. కులాన్ని బట్టి పిలుపులు నిర్ణయమయ్యే గ్రామంలో, దొర ఎదుట ‘నీ బాంచెన్’ అనక తప్పని గ్రామంలో, ఈ వరస కొత్తది. రక్తసంబంధం లేనివారి నడుమ అక్క, అన్న అన్న పిలుపులు కేవలం మర్యాదకోసం కావు. అవి అన్నం పంచుకునే హక్కును, ప్రాణాలకు పూచీపడే బాధ్యతను కూడా వెంట తెచ్చాయి.

కొందరికి కుటుంబమూ దళమూ ఒక్కటే. స్వరాజ్యానికి అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డే పోరాట నాయకుడు. 1954లో ఆమె వివాహమాడిన మల్లు వెంకట నరసింహారెడ్డి కూడా ఉద్యమకారుడే. మరికొందరి విషయంలో ఒకదాన్ని పొందడానికి మరొకదాన్ని వదులుకోవలసి వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వారి ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986)లో కమలమ్మ సాక్ష్యం ఇందుకు నిదర్శనం. అడవిలో పసిబిడ్డను పరులకు అప్పగించి దళంతో సాగిపోవలసి వచ్చిన తల్లి కథ అది. ఆ సాక్ష్యాన్ని పోరాటంలో స్త్రీల త్యాగానికి ఉదాహరణగా ఎందరో ఉటంకించారు. ఆ తల్లి దానిని దాదాపు మూడున్నర దశాబ్దాల తర్వాత చెప్పిందన్న సంగతి మాత్రం ఎవరి దృష్టికీ అంతగా రాలేదు.

వృద్ధాప్య అధ్యయనాలలో రాబర్ట్ కాన్, టోనీ ఆంటోనుచి 1980లో ప్రతిపాదించిన ‘కాన్వాయ్’ భావన ఒకటుంది. మనిషి జీవితమంతా తన చుట్టూ కొందరిని వెంటబెట్టుకొని నడుస్తాడని, వారిలో కొందరు దగ్గరి వలయంలోను, కొందరు దూరపు వలయంలోను ఉంటారని, ముదిమిలో మానసిక క్షేమం ఆ తోడుబృందంపై ఆధారపడుతుందని దాని సారాంశం. బిడారు అన్న మాట దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ పరిశోధకులు ప్రధానంగా లెక్కలోకి తీసుకున్నది అమెరికా కుటుంబాలను. సూర్యాపేట ప్రాంతపు పోరాటకారుల బిడారులో అత్యంత దగ్గరి వలయం ఇరవై ఏళ్ల వయసులోనే, తుపాకుల నడుమ, కుటుంబం వెలుపల ఏర్పడింది. అందులో కొందరు అప్పుడే రాలిపోయారు కూడా.

3. విరమణ తర్వాత:

1951 అక్టోబరు తర్వాత దళసభ్యులు ఊళ్లకు తిరిగి వచ్చారు. 1952 ఎన్నికలలో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి ఘనవిజయం సాధించడం ఆ తిరిగిరాకకు ఒక గౌరవాన్నిచ్చింది. అయితే ఆ గౌరవం అందరికీ సమంగా పంపిణీ కాలేదు. పురుషులలో అనేకులకు పార్టీ పని, పంచాయతీ, రైతు సంఘం మిగిలాయి. స్త్రీలలో అత్యధికులకు మిగిలింది వంటిల్లు. వసంత్ కన్నబిరాన్, కె. లలిత ఈ స్త్రీలపై 1989లో రాసిన ఆంగ్ల వ్యాసానికి ‘ఆ మంత్రమయ కాలం’ అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టారు. గడిచిన కాలం మంత్రమయంగా తోచిందంటే, వెనువెంటనే వచ్చిన కాలం ఎంత చప్పగా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

రెండో దెబ్బ 1964లో తగిలింది. కమ్యూనిస్టు పార్టీ చీలిక సిద్ధాంత చరిత్రలో ఎంత ముఖ్యమైనదో బంధాల చరిత్రలోనూ అంతే ముఖ్యమైనది. ఒకే డెన్‌లో పడుకున్నవారు, ఒకే జైలు గదిలో గడిపినవారు వేర్వేరు పార్టీల వారయ్యారు. 1967 తర్వాత మరికొన్ని చీలికలు వచ్చాయి. ఒకరి ఇంట శుభకార్యానికి మరొకరు వెళ్లని స్థితి ఏర్పడిన సందర్భాలున్నాయి. పోరాట విరమణ సరైనదా కాదా అన్న చర్చ ఆ తరం నాయకుల జ్ఞాపకాలన్నింటిలోను ప్రధానాంశమై కూర్చున్నది. ఆ పుస్తకాలను సిద్ధాంత వాదాలుగా చదవడం ఒక పద్ధతి. దూరమైన స్నేహితునితో వయసు మళ్లిన మనిషి చేస్తున్న వాదనగా చదివినప్పుడు వాటి స్వరం వేరుగా వినిపిస్తుంది.

మారినవి మనుషులే కాదు, ఊళ్లు కూడా. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరిమాగాణులయ్యాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల పట్టణమైంది. భూమికోసం పోరాడిన తరం కళ్ల ముందే భూమి విలువ మారింది, ఆ భూమిని నమ్ముకోనక్కరలేని చదువులు పిల్లలకు వచ్చాయి. భీమిరెడ్డి నరసింహారెడ్డి మిర్యాలగూడ లోక్‌సభ స్థానం నుంచి 1971, 1984, 1991లలో గెలిచారు. వయసు పైబడిన తర్వాత ఆయన పట్టుబట్టిన సమస్య సూర్యాపేట వైపు మెట్టప్రాంతానికి శ్రీరాంసాగర్ రెండోదశ నీరు. తుపాకీ పట్టిన మనిషికి ముదిమిలో కాలువ ఒక వ్యాపకమైంది, ఆ వ్యాపకమే ఆయనను ఊళ్లతో కలిపి ఉంచింది. ఆయన 2008 మే 9న మరణించారు. ఇటువంటి వ్యాపకం, దానికి కావలసిన పలుకుబడి ఒక భూస్వామ్య కుటుంబం నుంచి వచ్చిన నాయకునికి సాధ్యమైనంతగా, కొరియరుగా పనిచేసిన చాకలి స్త్రీకో, దళానికి దారి చూపిన లంబాడీ రైతుకో సాధ్యం కాలేదు. పాలకుర్తి చిట్యాల ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న మరణించింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ప్రభుత్వం ఆమె పేరు ప్రకటించినది 2024లో. నడుమ గడిచినవి ముప్పైతొమ్మిదేళ్లు.

4. పింఛను కాగితం – తోటి ఖైదీ సాక్ష్యం:

స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టింది. 1980లో అది ‘స్వతంత్రతా సైనిక్ సమ్మాన్’ పింఛనుగా మారింది. హైదరాబాదు సంస్థాన విలీనోద్యమాన్ని కూడా ఈ పథకం పరిధిలోకి తీసుకున్నారు. కనీసం ఆరు నెలల జైలుగాని అంతకాలపు అజ్ఞాతవాసంగాని నిరూపించాలి. స్త్రీలకు, దళిత, గిరిజనులకు జైలుకాలంలో మూడు నెలల సడలింపు ఉంది. ఈ నియమాలను సాధారణంగా పరిపాలనా వ్యవహారంగా చూస్తారు. ఈ వ్యాసానికి సంబంధించినంతవరకు వాటిలో కీలకమైనది మరొక నిబంధన: జైలు రికార్డు దొరకనప్పుడు అదే జైలులో ఉన్న తోటి ఖైదీ ఇచ్చిన ధ్రువపత్రం చెల్లుతుంది; అజ్ఞాతవాసం విషయంలో, జైలుశిక్ష అనుభవించినట్లు రుజువున్న ప్రముఖ సమరయోధుడు స్వయంగా ఎరిగినట్లు రాసి ఇవ్వాలి.

అంటే రాజ్యం ఒక వృద్ధుణ్ణి ‘నువ్వు ఎవరో తెలిసిన మనిషిని తీసుకురా’ అని అడిగింది. పాతికేళ్లుగా, ముప్పై ఏళ్లుగా కలుసుకోని తోటివారిని వెతుక్కుంటూ మనుషులు బస్సెక్కవలసి వచ్చింది. 1964లో ఎడమొగం పెడమొగం అయినవారు 1970లు, 80లలో ఒకరి వాకిట మరొకరు నిలబడవలసిన అవసరం ఈ కాగితం కల్పించింది. ‘ఫలానావాడు నాతోపాటు ఫలానా జైలులో ఉన్నాడు’ అన్న వాక్యం చట్టం దృష్టిలో రుజువు. ఆ ఇద్దరి దృష్టిలో అది గుర్తింపు. ప్రభుత్వం ఇచ్చే సొమ్ముకన్నా ముందు దక్కేది తోటివాడు తనను మరచిపోలేదన్న భరోసా.

ఇదే నిబంధన కొందరికి తలుపు మూసింది కూడా. దళానికి బువ్వ మోసినవారికి, చీటీలు చేరవేసినవారికి, గాయపడినవారిని గడ్డివాములో దాచినవారికి జైలు రికార్డు లేదు. వారిని స్వయంగా ఎరిగినవారు చనిపోయి ఉండవచ్చు, లేదా ‘పెద్ద’ సమరయోధుల కోవలోకి రాకపోవచ్చు. ఊళ్లో అందరికీ తెలిసిన సాయం కాగితం మీదికి రాలేదు. పైగా, విలీనంతోనే ‘సమరం’ ముగిసినట్లు భావించే నిర్వచనంలో 1948 సెప్టెంబరు తర్వాత యూనియన్ సైన్యాలను ఎదుర్కొన్న మూడేళ్ల కాలానికి చోటు లేదు. అత్యధిక ప్రాణనష్టం, సుదీర్ఘ జైలుశిక్షలు ఆ కాలానివే. ఒకే మనిషి జీవితంలో 1947 అజ్ఞాతం దేశభక్తిగా, 1949 అజ్ఞాతం నేరంగా నమోదైంది. ముదిమిలో తన కథ తాను చెప్పుకునేటప్పుడు ఆ మనిషి ఈ రెంటినీ ఎలా అతుకుతాడు? సాక్ష్యాలు చదివేటప్పుడు ఈ అతుకును వెతకడం అవసరం. చాలా కథనాలు 1948 దగ్గర వేగం అందుకుంటాయి, లేదా తడబడతాయి.

పథకం దుర్వినియోగమైన మాట కూడా వాస్తవం. పాత హైదరాబాదు రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడాలోని బీడ్ జిల్లా బోగస్ సమరయోధుల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సాక్ష్యంగా చెల్లుబాటయ్యే స్నేహం అంగడి సరుకు కూడా కాగలదు. దానివల్ల నిజమైన వృద్ధులు సైతం అనుమానపు చూపులను భరించవలసి వచ్చింది.

5. చెప్పుకోవడం:

రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1963లో ఒక వ్యాసం రాశాడు. వృద్ధులు గతాన్ని పదేపదే తలచుకోవడం మతిచాంచల్యానికి లక్షణం కాదని, అది జీవితాన్ని మరొకసారి తరచి చూసుకునే సహజ ప్రక్రియ అని అతని వాదం. ‘జీవిత పునరావలోకనం’ అని దానిని అనవచ్చు. ఈ పునరావలోకనం శాంతికీ దారితీయవచ్చు, పశ్చాత్తాపానికీ దారితీయవచ్చు. ఏది ఎటు దారితీస్తుందన్నది కొంతవరకు వినేవారిని బట్టి ఉంటుంది.

‘మనకు తెలియని మన చరిత్ర’ కోసం 1980ల తొలిభాగంలో స్త్రీవాద పరిశోధకులు పోరాట స్త్రీలను కలిసినప్పుడు, ఆ స్త్రీలలో పలువురికి అటువంటి శ్రోతలు తొలిసారి దొరికారు. పార్టీ అడిగే ప్రశ్నలు వేరు. ఏ దళం, ఏ దాడి, ఎవరి నాయకత్వం అని పార్టీ అడుగుతుంది. బిడ్డ ఏమయ్యాడు, భయం వేసిందా, తిరిగొచ్చాక అత్తగారిల్లు ఎలా చూసింది అని ఈ శ్రోతలు అడిగారు. చిట్యాల ఐలమ్మ, దాయని ప్రియంవద, దూదాల సాలమ్మ, మల్లు స్వరాజ్యం మొదలైనవారు చెప్పినదంతా 1940ల గురించే. చెప్పే గొంతు మాత్రం 1980లది, నడివయసు దాటినది. ఈ తేడాను గుర్తించకుండా ఆ సాక్ష్యాలలోని తేదీల తప్పులను పట్టి చూపడం చరిత్ర పరిశోధనలో ఒక అలవాటైంది. ఇటలీలోని తెర్ని పట్టణంలో 1949లో పోలీసుల కాల్పులలో మరణించిన లుయిజీ త్రాస్తుల్లీ అనే కార్మికుని మరణాన్ని ఆ ఊరి వృద్ధ కార్మికులు 1953 నాటి తొలగింపుల గొడవకు జరిపి చెప్పేవారు. అలెస్సాండ్రో పొర్తెల్లి ఆ పొరపాటులోనే వారి జీవితార్థాన్ని చదివాడు: ప్రతీకారం తీర్చుకోలేకపోయిన మరణాన్ని తాము ఎదురు తిరిగిన రోజుకు జరుపుకోవడం ఒక ఊరట. పాత నల్లగొండ జిల్లా సాక్ష్యాలను ఈ దృష్టితో చదవవలసిన పని ఇంకా మిగిలే ఉంది.

మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. 1990లలో సారా వ్యతిరేకోద్యమంలో పాల్గొన్నారు. 2019లో, ఎనభై ఎనిమిదేళ్ల వయసులో, ఆమె చెప్పగా కాత్యాయని, విమల అక్షరబద్ధం చేసిన ‘నా మాటే తుపాకీ తూటా’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా వెలువడింది. ఈ శీర్షికలో ఒక మార్పు దాగి ఉంది. చేతిలో తుపాకీ ఉన్న రాజక్కకు మాట రెండో ఆయుధం. ఎనభై ఎనిమిదేళ్ల స్వరాజ్యానికి అదొక్కటే ఆయుధం. 1986 నాటి సాక్ష్యానికీ 2019 నాటి పుస్తకానికీ నడుమ శ్రోతలు మారారు: మొదటిదాన్ని అడిగినది మహిళా ఉద్యమం, రెండోదాన్ని చదివినది ప్రత్యేక రాష్ట్రం వచ్చాక తన చరిత్రను వెతుక్కుంటున్న తెలంగాణ. ఒకే మనిషి రెండు వయసుల్లో చెప్పిన రెండు కథనాలు లభించడం అరుదు. వీటిని పక్కపక్కన పెట్టి చేసే తులనాత్మక పరిశోధన ఒక సిద్ధాంత గ్రంథానికి సరిపడా విషయం.

ఈ ప్రాంతపు సరిహద్దుకు ఆవల, కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ జీవితం దీనికి మరో కొసను చూపుతుంది. ఆమె కూడా అదే పార్టీలో, అదే అజ్ఞాతంలో గడిపిన మనిషి. భర్త కొండపల్లి సీతారామయ్య ఆమెను విడిచి వెళ్లాడు. కొడుకును, కూతురును పోగొట్టుకుంది. ‘నిర్జన వారధి’ 2012లో వెలువడేనాటికి ఆమె తొంభై దాటింది. హైదరాబాదు కొండాపూర్‌లో చండ్ర రాజేశ్వరరావు ఫౌండేషన్ నడిపే వృద్ధాశ్రమంలో ఆమె కొంతకాలం గడిపారు. వృద్ధాశ్రమం అనగానే పిల్లలు వదిలేసిన తల్లిదండ్రుల చిత్రం తెలుగు కథల ద్వారా మనసులో ముద్రపడిపోయింది. పార్టీ నాయకుని పేర వెలసిన ఆశ్రమానికి ఆ చిత్రం అతకదు. ఒకప్పుడు డెన్‌లో కలిసి ఉన్న తరానికి మళ్లీ కలిసి ఉండడానికి అది ఒక చోటు. ఆమె 2018లో, నూరేళ్ల వయసులో, విశాఖపట్నంలో కన్నుమూశారు. పుస్తకం పేరులో నిర్జనం ఉన్నా, దాని పుటలనిండా ఆమెను ఆదుకున్న స్నేహితులే.

6. చట్టం ఎరిగిన బంధాలు, ఎరుగని బంధాలు:

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం వృద్ధులు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలే. ఈ చట్టం గుర్తించే బంధువు సంతానం, లేదా సంతానం లేనివారి విషయంలో ఆస్తికి వారసుడయ్యే వ్యక్తి. పోషణ ఆస్తిని అనుసరిస్తుంది. సమరయోధుల పింఛను సైతం మరణానంతరం భార్యకో భర్తకో చెందుతుంది. 2014 నవంబరులో మొదలై 2019లో రూ. 2,016కు పెరిగిన ఆసరా పింఛను వ్యక్తికి అందుతుంది గనుక ఈ విషయంలో కొంత నయం. కొడుకు చేతికి చూడకుండా మందులు కొనుక్కోగల చిన్న స్వాతంత్ర్యాన్ని అది వృద్ధస్త్రీలకు ఇచ్చింది. పింఛను రోజున పంచాయతీ దగ్గరో పోస్టాఫీసు దగ్గరో కూర్చొని మాట్లాడుకోవడం కూడా దానితోపాటే వచ్చింది.

అక్క, అన్న వరసలతో పిలుచుకున్నవారికి ఏ చట్టంలోనూ స్థానం లేదు. ఉండాలని కోరడం ఆచరణసాధ్యం కాకపోవచ్చు. వృద్ధుల మానసిక క్షేమాన్ని కొలిచే సర్వేలు ‘మీరు ఎవరితో నివసిస్తున్నారు’ అని మొదట అడుగుతాయి. 2017–18లో 72,000 మందికి పైగా పాల్గొన్న భారత వృద్ధాప్య దీర్ఘకాలిక అధ్యయనం వంటివి స్నేహితుల గురించి కూడా అడుగుతున్నాయి. ‘మీరు ఇరవై ఏళ్ల వయసులో ఎవరితో ఉన్నారు, వారిలో ఎవరు మిగిలారు’ అన్న ప్రశ్న చరిత్ర విద్యార్థి అడగవలసినది.

మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న హైదరాబాదులో మరణించారు. ఆమె భౌతికకాయాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. పోరాటంలో వయోజనులుగా పాల్గొన్నవారిలో నేడు జీవించి ఉన్నవారు ఎవరైనా ఉంటే వారికి తొంభై దాటి ఉంటాయి. ఇక మీదట ఈ ప్రాంతంలో జరిగే మౌఖిక చరిత్ర సేకరణ వారి కొడుకులు, కూతుళ్లు, కోడళ్ల నుంచే జరగాలి. వారిలో చాలామందికి ఇప్పుడు డెబ్భై దాటాయి. తల్లి అజ్ఞాతంలో ఉండగా పరుల ఇళ్లలో పెరిగినవారు, తండ్రిని జైలు ఊచల వెనుక తొలిసారి చూసినవారు వారిలో ఉన్నారు. పోరాటం గురించి వారిని అడిగేటప్పుడు తల్లిదండ్రుల చివరి సంవత్సరాల గురించి కూడా అడగాలి: ఆఖరి రోజుల్లో చూడటానికి ఎవరు వచ్చారు, ఎవరి పేరు పలవరించారు, పెట్టె అడుగున ఎవరి ధ్రువపత్రం దొరికింది.